కుప్పింట – మార్జారము: ఒక ఓషధీనామ చరిత్ర

ప్రాచీన భారతదేశమున పశువైద్యము రాజపోషణమున వర్ధిల్లిన శాస్త్రము. గజములకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదమును, అశ్వములకు శాలిహోత్ర, నకుల, జయదత్తుల పేర వెలసిన గ్రంథములును సుప్రసిద్ధములు. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణమును కావ్యముగ సంతరించెను. వేటడేగల పోషణమును, చికిత్సను రుద్రదేవుని శ్యైనికశాస్త్రము తెలుపుచున్నది. తుదకు చెట్లకు సైతము వృక్షాయుర్వేదము గలదు. మార్జారమునకై వేరుగ వెలసి ఇట్టి ప్రసిద్ధి కెక్కిన వైద్యగ్రంథము మాత్రము కానరాదు.

ఇందులకు కారణము పిల్లి యెడ అనాదరమని తలపరాదు. ఎలుకల బెడద కలిగినపుడు పిల్లులను, ముంగిసలను విడువవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించి, వానిని పట్టినవారికిని హింసించినవారికిని 12 పణముల దండమును నిర్ణయించెను. కాగా పిల్లివలని ప్రయోజనము రాజ్యమెరిగినదే. అయినను ఏనుగును, గుఱ్ఱమును రాజశాలలోనివి. వానికి వైద్యులు గలరు, వైద్యులకు జీతములు గలవు. పిల్లి వంటయింటిది. దానిని కనిపెట్టి చూచినది గృహిణి, పసులకాపరి, పెరటిలో మూలిక త్రవ్వు నాటువైద్యుడు. వీరెవ్వరును గ్రంథకర్తలు కారు. కావున మార్జారౌషధముల చరిత్రను తాళపత్రములలోకంటె మొక్కల పేళ్లలో వెదకుట యుక్తమని మేము తలచుచున్నాము. కుప్పింట ఇందులకు తగిన నిదర్శనము.

కుప్పింట, కుప్పింటాకు, మురిపిండి అను నామములతో తెలుగునాట వ్యవహరింపబడు నీ మొక్క పెంటకుప్పలమీదను, గోడల వారను, దొడ్లలోను తనంత మొలచును. దీని ఆకును ఉప్పుతో నూరి గజ్జి మున్నగు చర్మవ్యాధులకు పూయుట మన పల్లెలలో చిరపరిచితము. ఇది మనుష్యుల వైద్యము. పిల్లికి దీనితోగల సంబంధము వేరు. మొక్క నేలలో నున్నంతసేపు పిల్లి దానిని లెక్కసేయక తొలగిపోవును. పెరికి వేరు బయటపెట్టిన వెంటనే దరిజేరి మూర్కొని, కొరికి, నమిలి, దానిపై పొరలాడును.

ఈ చేష్టను ఇరుగుపొరుగు భాషలు పేరులోనే పొదిగికొన్నవి. కుప్పైమేని యని తమిళులు పిలుచు నీ మొక్కకు సిద్ధవైద్యుల పర్యాయనామములలో పూనైవణంగి యనునది యొకటి. పిల్లి మ్రొక్కునది యని దాని యర్థము. మార్జాలమోహిని యనునది మఱియొకటి. మలయాళమున దీనిని పూచ్చమయక్కి, అనగా పిల్లిని మైమఱపించునది, యందురు. సముద్రము దాటి మలయాద్వీపకల్పమునకు పోయినను కుచింగ్ గలక్ అను పేరు వినవచ్చును. కుచింగ్ అనగా పిల్లి. తెలుగున వాడుకలోనున్న పై పేళ్లలో పిల్లి ప్రసక్తి లేదు.

తెలుగువారు మొక్కలకు పిల్లిపేరు పెట్టకపోలేదు. శతావరి మనకు పిల్లిపీచర. అడవిపెసరలో నొక జాతి పిల్లిపెసర. కాని ఈ రెంటిని చూచి పిల్లి మోహించుట యెరుగము. కావున నామమొక్కటియే ప్రమాణము కాదు. నామమును చేష్టయు కలిసినపుడే అది సాక్ష్యమగును. ఈ పరీక్షకు పూనైవణంగి నిలుచుచున్నది, పిల్లిపీచర నిలువదు.

పాశ్చాత్యుల చేతిలో ఈ సాక్ష్యమునకు పట్టిన గతి గమనింపదగినది. కొచ్చిలోని డచ్చి యధికారి వాన్ రీడ్ ఇట్టి అచ్యుతన్ మొదలగు స్థానిక వైద్యుల తోడ్పాటుతో సిద్ధపఱచిన హోర్టుస్ మలబారికుస్ 1678 మొదలు 1693 వఱకు 12 సంపుటములుగ ఆమ్‌స్టర్‌డామున వెలువడినది. అందు ఈ మొక్క కుపమేని పేరున కలదు. దాని నాధారము చేసికొని లినేయస్ 1753లో దీనికి అకలిఫా ఇండికా యని నామకరణము చేసెను. అదే గ్రంథమున, ఐరోపా పిల్లులు మోహించు మొక్కకు నెపెటా కటారియా యని పేరిడెను. కటారియా యనగా పిల్లికి సంబంధించినది. తనయింటి మొక్క పిల్లిపేరును నిలుపుకొన్నది. మనయింటి మొక్కకు దేశనామము మాత్రము దక్కినది.

ఈ భేదము పేరుతో ముగియలేదు. నెపెటా కటారియాలోని నెపెటలాక్టోన్ 1941లో అమెరికాలో వేరుచేయబడినది. కుప్పింటవేరులోని ఆకర్షకద్రవ్యములను ఆస్ట్రేలియా రసాయనికులు ప్రకటించినది 2016లో; అనగా 75 ఏండ్లకు పిమ్మట. ఐసోడైహైడ్రోనెపెటలాక్టోన్, ఐసోఇరిడోమిర్మెసిన్ అను నవి నెపెటలాక్టోన్ వర్గమునకే చెందినవి. తమిళ మలయాళములు పేరుగా చెప్పుచు వచ్చిన విషయము ఇట్లు రసాయనశాస్త్రమున స్థిరపడినది.

అయితే ఆకర్షణము ఔషధమగునా? జపానుదేశపు మటటాబి తీగపై 2021లో ప్రకటితమైన పరిశోధనము ఇందు కొంత వెలుగు చూపినది. ఆ యాకులలోని నెపెటలాక్టాల్ అను ద్రవ్యమును పిల్లి మొగమునకును తలకును రాచుకొనును. అట్లు రాచుకొన్న పిల్లిపై దోమలు తక్కువగా వ్రాలునని అందు తేలినది. మైమఱపుగా కనబడినది కొంతమేర ఆత్మరక్షణమన్నమాట. ఇది మటటాబిని గూర్చిన నిర్ణయము. కుప్పింటకు దీనిని నేరుగ అన్వయింపరాదు.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. పిల్లి తాను వెదకికొనునది వేరు, మనుష్యుడు తన మందును పిల్లికి పెట్టుట వేరు. మందులను విఱిచి విసర్జించుటకు అనేక జంతువుల కాలేయమున నుండు నొక కిణ్వమునకు మూలమైన జన్యువు పిల్లులలో నిరర్థకమైనదని 2000లో వెల్లడియైనది. మనకు హితమైన మందు పిల్లికి విషమగుటకు ఇదియొక హేతువు. వెల్లుల్లి, ఉల్లి పిల్లి రక్తకణములను చెఱచును. చర్మమునకు పూసినదెల్ల అది నాకి మింగును. కుప్పింటను కషాయముగ త్రాగిన మనుష్యులలోనే, జన్మతః ఒకానొక కిణ్వలోపము గలవారికి రక్తకణములు విచ్ఛిన్నమైనట్లు శ్రీలంక వైద్యులు ప్రకటించిరి. గజ్జికి మంచిదను మాట పట్టుకొని దీనిని పిల్లికి పూయుట సాహసము. పాత వ్రాతప్రతులలోని గృహవైద్యములను ప్రకటించు పరిశోధకులు, ఆ యోగము ఏ ప్రాణికి చెప్పబడినదో స్పష్టముగ సూచింపవలెను.

మన నిఘంటువులు పలుమొక్కలకు ఓషధివిశేషమను నర్థముతో సరిపెట్టుట పాఠకులెరిగినదే. ఆ రెండు పదముల మాటున ఎన్ని పరిశీలనలు మఱుగుపడెనో కుప్పింట చెప్పుచున్నది. తెలుగు మాండలికములలో ఈ మొక్కకు పిల్లిపేరు ఎచ్చటనైన నిలిచియున్నదేమో, ముఖ్యముగ తమిళ సరిహద్దు మండలములలో, విచారింపవలసియున్నది. మాండలిక పదసేకరణమునకు పోవు విద్యార్థులు మొక్కపేరుతోపాటు ఏ జంతువు దానిని తినును, దేనిని విడుచును, ఏ భాగమును కోరును అని అడిగి వ్రాసికొందురు గాక. ఆ పేళ్లు పెట్టిన తరమువారి చూపు అపుడు గాని మనకు దక్కదు.