సగం మీది, సగం మాది

నేపాల్‌లోని లమ్‌జుంగ్ జిల్లాలో బహుందండ అని ఒక కొండపల్లె ఉంది. అన్నపూర్ణ శిఖరాలను చుట్టివచ్చే నడకదారి ఆ ఊరి మీదుగానే పోతుంది. 1998లో సెలవు పెట్టి ఆ దారి పట్టిన అమెరికన్ జాన్ వుడ్, మైక్రోసాఫ్ట్‌లో పెద్ద ఉద్యోగి. దారిలో పరిచయమైన ఒక విద్యాశాఖ ఉద్యోగి వెంట ఆ ఊరి బడి చూడ్డానికి వెళ్ళాడు.

పిల్లలు దాదాపు 450 మంది. గ్రంథాలయం అని చూపించిన గదిలో ఒక్క పుస్తకమూ లేదు. అడిగితే బీరువా తాళం తీశారు. ట్రెక్కింగుకొచ్చిన విదేశీయులు సంచి బరువు తగ్గించుకోవడానికి వదిలేసి పోయినవి ఉన్నాయి లోపల: ఒక చవకబారు ప్రేమ నవల, ఇటాలియన్ భాషలో ఉంబెర్టో ఎకో, మంగోలియా టూరిస్టు గైడు. అవైనా పిల్లలు పాడుచేస్తారేమోనని తాళం! (అలాంటి బీరువా మన బళ్ళలో మాత్రం చూడలేదా ఏం?) ఈసారి వచ్చేటప్పుడు పుస్తకాలు తీసుకురమ్మన్నారు హెడ్మాస్టరు గారు, మొహమాటంగానే.

ఇక్కడి నుంచి కథ అందరూ చెప్పేదే. జాన్ స్నేహితులకు ఈమెయిళ్ళు రాశాడు. కొలరాడోలో వాళ్ళ నాన్న గ్యారేజీ వేల పుస్తకాలతో నిండిపోయింది. జాన్ ఉద్యోగం వదిలేశాడు, ‘రూమ్ టు రీడ్’ సంస్థ పుట్టింది. 2006లో వచ్చిన అతని పుస్తకం పేరులోనే మైక్రోసాఫ్ట్ వదిలెయ్యడం ఉంది కాబట్టి చదివినవాళ్ళకు ఆ రాజీనామాయే గుర్తుండిపోతుంది. నాకు మాత్రం కథ మలుపు తిరిగింది ఖాట్మండులో అనిపిస్తుంది.

ఎందుకంటే పుస్తకాలు పోగెయ్యడం కష్టం కాలేదు. వాటిని కస్టమ్స్ దాటించేదెవరు? ఏ బడికి ఎన్ని ఇవ్వాలి? రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి పైకి చేర్చేదెలా? కొలరాడోలో కూర్చుంటే వీటికి జవాబు దొరకదు. జవాబు తెలిసిన మనిషి దినేశ్ శ్రేష్ఠ, అక్కడి లయన్స్ క్లబ్ సభ్యుడు. 1999లో జాన్ తండ్రిని వెంటబెట్టుకుని నేపాల్‌లో దిగేసరికి దారి వేసి ఉంచింది ఆయనే. పుస్తకాల పెట్టెలు పశువుల వీపులెక్కి కొండ ఎక్కాయి. తర్వాత దినేశ్ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరయ్యారు.

ఊళ్ళు బడి కావాలని అడగడం మొదలుపెట్టాక అసలు పరీక్ష వచ్చింది. డబ్బు మొత్తం సంస్థే పెడితే అది విదేశీయుల బడి అవుతుంది. రేపు పెంకు ఊడితే ఉత్తరం రాస్తారు తప్ప ఎవరూ నిచ్చెన వెయ్యరు. అందుకే నియమం పెట్టారు: సామానుకూ ఇంజనీరుకూ డబ్బు సంస్థది, స్థలమూ చాకిరీ ఊరిది. బీదవాళ్ళను ఇంకా పిండడం కాదా అని సందేహం రావడం న్యాయమే. కానీ లారీ దించిన సిమెంటు బస్తాలను ఆడవాళ్ళు నిటారు దారిలో పైకి మోసుకుపోవడం కళ్ళారా చూశానని జాన్ రాసుకున్నాడు. వాళ్ళకు ఆ బడి ఎవరో ఇచ్చింది కాదు.

ఇంకో చిక్కు అమెరికా నుంచి వచ్చిన పుస్తకాలతోనే. బొమ్మలు బాగున్నాయి, భాష ఇంగ్లీషు. అప్పుడప్పుడే నేపాలీ అక్షరాలు కూడబలుక్కునే పిల్లకు అది రెండో బీరువా తాళం. 2003లో నేపాల్లోనే, అక్కడి రచయితలతో, అక్కడి చిత్రకారులతో నేపాలీ పిల్లల పుస్తకాలు వెయ్యడం మొదలైంది. గ్యారేజీ నింపిన దాతలకు ఇది కాస్త చిన్నబుచ్చే నిర్ణయమే అయ్యుండాలి. నా లెక్కలో సంస్థ చేసిన పనులన్నిటిలోకీ పెద్దది ఇదే.

నేపాల్ తర్వాత వియత్నాం వంతు, 2001లో. అక్కడ ఉద్యోగం చేసొచ్చిన, సంస్థ మరో వ్యవస్థాపకురాలు ఎరిన్ గంజు పట్టుబట్టింది. 2002లో కంబోడియా, 2003లో మన దేశం. ఎక్కడ ఆఫీసు తెరిచినా సిబ్బంది ఆ దేశం వాళ్ళే ఉండాలన్న పద్ధతి నేపాల్ నేర్పిందే. మావోయిస్టుల పోరు 2006 దాకా నడిచిన ఆ దేశంలో, ఏ దారిన పోవచ్చో ఎవరితో మాట్లాడాలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చినవాడు ఏం చెప్పగలడు? తర్వాత ఇండోనేషియాలో ఇంకో అడుగు ముందుకేశారు: అక్కడి ప్రచురణకర్తలతోనే చేతులు కలిపి, వాళ్ళ రచయితలకూ బొమ్మలేసేవాళ్ళకూ తర్ఫీదిచ్చి, పిల్లల పుస్తకాలు వేయించారు.