సెలవిచ్చేదెవరు?

చైత్రమాసంలో భద్రాచలం మన్యం మీదుగా కారులో వెళ్లినవాళ్లకి ఇది అనుభవమే. మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా ఒక తాడో, వెదురుబొంగో కనిపిస్తుంది. దాని వెనక పదీ పదిహేనుమంది కోయ ఆడవాళ్లు ఒకరి నడుము చుట్టూ ఒకరు చేతులు వేసుకుని, వరసగా అడుగులేస్తూ పాడుతుంటారు. ఎంతో కొంత చేతిలో పెడితేగానీ తాడు దిగదు. అది కోయల విత్తనాల పండుగ. అది జరిగినన్నాళ్లూ మగవాళ్లు వేటకు పోతారు. ఊరు ఆడవాళ్లది, రోడ్డూ వాళ్లదే. కారులో ఉన్నవాళ్లు సెలవులకని బయల్దేరారు. తాడు పట్టుకున్నవాళ్లు సెలవులోనే ఉన్నారు. డ్రైవరు హారన్ కొడతాడు, పాట మాత్రం ఆగదు. చివరికి ఇరవయ్యో యాభయ్యో చేతులు మారతాయి.

హైదరాబాదు నుంచి వరంగల్లు, ములుగు, ఏటూరునాగారం మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి టేకులగూడెం దాటాక తెలంగాణను వదిలేస్తుంది. అవతల తగిలేది తర్లగూడ. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా, భోపాలపట్నం తహసీలు. బోర్డుల మీద హిందీ, నోట్లో తెలుగు, గూడెంలోకి వెళ్తే దొర్ల కోయ మాట. అందుకే ఇక్కడ ‘సెలవు’ అనే సంగతికి ఒక్క పేరు సరిపోదు. బడికి లేకపోతే ఛుట్టీ. ఇంట్లో అదే సెలవు. ఊరంతా పని మానేస్తే పండుం. గోదావరి అవతలి గట్టున పాతకాలపు పెద్దమనుషులైతే తాతీలు అనేవాళ్లు, అది నిజాం కచేరీల ఉర్దూ.

ఈ మాటల్ని విప్పి చూస్తే ఒక్కోదానిలో ఒక్కో ఆలోచన దాగి ఉంది. ఛుట్టీ అంటే విడుదల. మన వీధిబడుల ‘ఆటవిడుపు’ దానికి సొంత చెల్లెలు: పిల్లల్ని ఆటకు విడిచిపెట్టడం. ఇంగ్లీషువాళ్ల హాలిడే మొదట్లో పవిత్రమైన రోజు, అంటే మన పండుగే. సెలవు మాత్రం వీటన్నిటికీ ఎడంగా నిలబడుతుంది. సెలవంటే అనుమతి. ‘ఏమని సెలవిచ్చారు?’ అంటే పెద్దలు ఏమన్నారని. ‘సెలవు తీసుకుంటాను’ అంటే పోనివ్వమని. అంటే తెలుగువాడు పని మానడాన్ని విశ్రాంతి అనీ అనలేదు, సంబరం అనీ అనలేదు. ఒకరిని అడిగి తెచ్చుకునేది అన్నాడు. పక్కనే తమిళంలో ఇదే మాటకు ఖర్చు అని అర్థం. పాత తెలుగులోనూ ఆ అర్థం ఉండేది. నలుగురు పిల్లలతో తిరుపతి వెళ్లొచ్చినవాణ్ని అడిగితే ఇప్పటికీ ఉందంటాడు.

సరే, అడగాల్సింది ఎవర్ని?

చాలాకాలం చంద్రుణ్ని. వేదం చదువుకునేవాళ్లకి పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పున్నమి అనధ్యయనం. ఆ రోజుల్లో చదివితే వచ్చిన చదువూ పోతుందని నమ్మకం. సుందరకాండలో హనుమంతుడు సీతమ్మ చిక్కిపోయిన తీరును పాడ్యమినాడు పాఠం చదివేవాడి విద్యతో పోలుస్తాడు. అంటే ఆ రోజు సెలవన్నది వినేవాళ్లందరికీ తెలిసిన సంగతే అయ్యుండాలి, లేకపోతే ఉపమానం పండదు. అమావాస్యనాడు ఉలి పట్టని వడ్రంగులు, మగ్గం ఎక్కని నేతగాళ్లు మన ఊళ్లలో నిన్నమొన్నటిదాకా ఉన్నారు. వారానికొకసారి అన్న లెక్కే ఇక్కడ లేదు. వారానికొకసారి వచ్చేది సంత. బస్తర్‌లో ఇవాళ్టికీ సంతరోజే అసలైన ఆదివారం, అది ఏ వారమైనా సరే. ఉప్పూ ఎండుచేపలూ కొనడం అరగంట పని. మిగతా పొద్దంతా చుట్టాలతో కల్లు, కబుర్లు, కోడిపందెం.

ఆదివారం తరవాత వచ్చింది. అదీ ఈ మూలకి తిన్నగా రాలేదు. తర్లగూడ గట్టున నిలబడితే వందేళ్ల కిందట మూడు ప్రభుత్వాలు కనబడేవి. ఈ ఊరు బస్తర్ సంస్థానం, భోపాలపట్నం జమీందారీ. గోదావరి ఆవలి ఒడ్డు నిజాం రాజ్యం. ఇదే ఒడ్డున కాస్త దిగువకి వెళ్తే నూగూరు తాలూకా. దాన్ని 1860లో నిజాం ఇంగ్లీషువాళ్లకి వదిలేశాడు, వాళ్లు 1909లో మద్రాసు రాష్ట్రంలో కలిపారు. ఇంగ్లీషువాళ్ల కచేరీకి ఆదివారం తాళం. నిజాం కచేరీకి శుక్రవారం. అర్జీ పట్టుకుని శుక్రవారం నది దాటినవాడు ఉత్త చేతులతో తిరిగి రావాల్సిందే. 1948లో హైదరాబాదు సంస్థానం పోయాకే రెండు గట్లకూ ఒకే సెలవు కుదిరింది.

కచేరీ గుమాస్తాకి ఆదివారం దొరవారి చర్చి పుణ్యాన దక్కింది. కూలీకి అలా ఊరికే దక్కలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో వారమంతా పని ఉండేది. జ్యోతిబా ఫూలే శిష్యుడు నారాయణ మేఘాజీ లోఖండే 1884 నుంచి వారపు సెలవు అడుగుతూ వచ్చాడు. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారానికి ఒప్పుకున్నారు. ఆయన ముందుకు తెచ్చిన వాదాల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది: ఆదివారం ఖండోబా వారం. మన మల్లన్నకు మరాఠా దేశంలో పేరు ఖండోబా. కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం పట్నాలు వేస్తారే, ఆ మల్లన్నే. ఆదివారం తెల్లవాడి సెలవని మనం కొట్టిపారేస్తాం గానీ, దానికోసం కొట్లాడినవాడు గొర్రెల కాపరుల దేవుణ్ని సాక్ష్యంగా పిలిచాడు.

బస్తర్ సంగతికి వస్తే, అక్కడి దసరా 75 రోజులు. ఆషాఢం చివర వచ్చే హరేలీ అమావాస్యనాడు రథానికి మొదటి దుంగ తేవడంతో మొదలవుతుంది. రావణుణ్ని కాల్చరు, రాముడి ఊసు లేదు. అంతా దంతేశ్వరి అమ్మవారిదే. దీని వెనక ఓరుగల్లు ఉంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి, భోపాలపట్నం మొదలుకుని ఒక్కో కోటా పట్టుకుంటూ బస్తర్ రాజ్యం కట్టాడని అక్కడి కథనం. రథం ఆ వంశంలోని పురుషోత్తమదేవుడు పూరీ వెళ్లి తెచ్చుకున్న మర్యాద. జగదల్‌పూర్‌లో ఉండే బస్తర్ రాజు పండగ చేసుకోవాలంటే ముందు సెలవు తీసుకోవాలి. ఎవరి దగ్గర? భాద్రపదం చివరి అమావాస్యనాడు, ముళ్లకొమ్మలతో కట్టిన ఊయల మీద మిర్గాన్ కులానికి చెందిన ఒక చిన్నపిల్లని పడుకోబెట్టి ఊపుతారు. కాఛిన్‌దేవి ఆమె మీదికి వస్తుంది. రాజవంశంవాళ్లు ఎదురుగా నిలబడి, దసరా జరుపుకోవచ్చా తల్లీ అని అడుగుతారు. ఆ పిల్ల సరేనంటేనే తక్కిన పండగ. ఊళ్లో అంటరానివాళ్లుగా చూసిన కులపు పిల్ల సెలవిస్తేగానీ రాజు రథం కదలదు. ఏడాదిలో ఒక్క పూట సంగతే అనుకోండి, మిగతా 364 రోజుల లెక్క వేరే.

ఆ 75 రోజులూ అందరికీ సెలవులు కావు. రథం చెక్కే వంతు ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ మనుషులది. లాగే వంతు కిలేపాల్ మాడియాలది. నవరాత్రి తొమ్మిది రోజులూ ఒక హల్బా యువకుడు గుంటలో జోగిగా కదలకుండా కూర్చుంటాడు. చూసేవాడికి పండగ, చేసేవాడికి వెట్టి అని బయటివాళ్లం అనేస్తాం. అయితే రథం మీద తమ వంతును వేరే ఊరికి ఇచ్చేస్తామంటే ఆ ఊళ్లు తగాదాకు దిగుతాయి. వంతు ఉండటమే వాళ్లకి పండగలో ఉండటం.

తర్లగూడ చుట్టుపక్కల పండుగలకు ఇంత ఆర్భాటం లేదు గానీ సూత్రం అదే. కొత్త మామిడికాయ, ఇప్పపువ్వు, కొత్త చిక్కుడు, కొత్త ధాన్యం, ఏదైనా సరే ఊరి దేవరకు పెట్టి పండుం చేసేదాకా నోట పెట్టకూడదు. పక్కవాడి చెట్టు కాయ రాలినా ఏరుకోరు. పూజారి, పెద్దలు కూర్చుని రోజు చెప్తారు. అందుకే ఒక ఊళ్లో పండుగ అయిపోయినా పొరుగూళ్లో ఇంకా మొదలే కాకపోవచ్చు, చుట్టాలకి రెండు చోట్లా భోజనం. రెండేళ్లకోసారి నాలుగు రోజులు జరిగే మేడారం జాతరకి ఈ దారినే బస్తర్ జనం కదులుతారు. వంతెన లేని రోజుల్లో పడవల మీద దాటేవాళ్లు. జాతర తేదీలు పెట్టేది కోయ పూజారులు. ప్రభుత్వం ఆ తర్వాతే సెలవు ప్రకటిస్తుంది. కలెక్టరు సంతకం పెట్టిన కాగితం మీద సెలవిచ్చింది కలెక్టరేనని ఉంటుంది, అదొక మర్యాద.

ఊరు వదిలి పోవడమే సెలవు అన్న ఊహ మనకి యాత్రల నుంచి వచ్చింది. ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. కొలువు నుంచి సెలవు పుచ్చుకుని 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలలపైన పదిహేను రోజులు! పుణ్యానికని వెళ్లినవాడు దారి పొడుగునా కూరగాయల ధరలు, నీళ్ల రుచి, బాటల బాగోగులు రాసుకున్నాడు. ఆయన తిరిగొచ్చిన పదేళ్లకి, 1841 జూలై 5న, ఇంగ్లండులో థామస్ కుక్ అనే మద్యపాన వ్యతిరేకి లెస్టర్ నుంచి లఫ్‌బరోకి మనిషికి ఒక షిల్లింగు చొప్పున తన మనుషుల్ని రైలెక్కించాడు. తాగకుండా ఒక రోజు గడపడమెలాగో చూపడం ఆయన ఉద్దేశం. టూర్ ప్యాకేజీ అక్కడ పుట్టింది. ఇవాళ గోవా ప్యాకేజీ కొనేవాళ్లకి ఈ కథ చెప్పకపోవడమే మంచిది. ఎండలకి కొండెక్కడం దొరల అలవాటు. కడప కలెక్టరు హార్స్‌లీ 1870 ప్రాంతంలో మదనపల్లె దగ్గర కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు, ఏనుగుమల్లమ్మ కొండకి ఆయన పేరే మిగిలింది.

సెలవుకి ఊరు వదిలి పోయే అలవాటు తర్లగూడ పొరుగుకి వచ్చి చాలాకాలం కాలేదు. వాజేడు మండలం చీకుపల్లి దగ్గర బొగత జలపాతం ఎప్పటినుంచో దూకుతూనే ఉంది. బస్తర్ అడవుల్లో పడ్డ వాన అక్కడ కిందికి దిగుతుంది. ఏటూరునాగారం దగ్గర ముల్లకట్ట వంతెన పడేదాకా వరంగల్లు వైపు నుంచి రావాలంటే భద్రాచలం చుట్టి రావాలి. వంతెన పడింది, ఫోన్లలో ఫొటోలు తిరిగాయి, ‘తెలంగాణ నయాగరా’ అన్నారు. ఇప్పుడు జూలై, ఆగస్టు ఆదివారాల్లో అక్కడ కార్లు పెట్టుకోను చోటుండదు. ప్లాస్టిక్ కవర్లో ఫోన్ చుట్టుకుని నీళ్లలో నిలబడ్డ కుర్రాళ్లు, ఒడ్డున పులిహోర డబ్బాలు విప్పే అమ్మలు. వాగు పక్క ఊళ్లవాళ్లకి అది మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముకునే రోజు. వాళ్లకి ఏడాది మొత్తంలో బాగా గిరాకీ ఉండే రోజులు ఇవే, అంటే సెలవు దొరకని రోజులు.

ఇక వేసవి సెలవులు. నా తరం పట్నం పిల్లలకి అమ్మమ్మగారిల్లు, మామిడిపళ్లు, మిద్దె మీద పడక. బస్తర్ పిల్లలకి మే నెల అంటే తునికాకు. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవికి పోతారు. మోదుగాకంత వెడల్పుండదు, లేతగా, మెత్తగా, పురుగు తినకుండా ఉన్న ఆకే కోయాలి. పొద్దెక్కేసరికి మూటలతో ఇంటికొచ్చి, నీడలో కూర్చుని లెక్క మొదలెడతారు. ఆకు మీద ఆకు, యాభై ఆకులకి ఒక కట్ట, పైనా కిందా సరిచూసి నారతో బిగించాలి. పిల్లల వేళ్లు ఈ పనిలో పెద్దల కంటే చురుకు. సాయంత్రం కల్లం దగ్గర వరసలుగా ఎండకు పేర్చి లెక్క రాయించుకోవాలి. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం దానికిచ్చే ధర 2024లో 4,000 రూపాయల నుంచి 5,500కి పెరిగింది. అంటే ఆకుకి 11 పైసలు. బడికి సెలవిచ్చారు గనకే ఆకు కోతకి చేతులు దొరుకుతున్నాయా, ఆకు కోత ఉంది గనకే ఆ సెలవుల్ని ఎవరూ తప్పుబట్టరా, నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది. అంతకుముందు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా, పెద్దవాళ్లు ట్రాలీల మీద సరిహద్దు దాటి మిర్చి ఏరడానికి వస్తారు. వెంకటాపురం, చర్ల, మంగపేట చేలల్లో గుడిసెలు వేసుకుని ఉంటారు. వాళ్లు ఇంటికి పోయే రోజు క్యాలెండర్‌లో ఉండదు. కాయ అయిపోతే పోవడమే.

వానాకాలంలో గోదావరి ఎగదన్నితే టేకులగూడెం దగ్గర ఈ జాతీయ రహదారి మీదికి నీళ్లొస్తాయి. పోలీసులు డ్రమ్ములు అడ్డం పెడతారు. ఇటు తెలంగాణ లారీలు, అటు ఛత్తీస్‌గఢ్ లారీలు, మధ్యలో ఎర్రటి నీళ్లు. మొదటి పూట డ్రైవర్లు ఓనర్లకి ఫోన్లు చేస్తారు. రెండో పూటకి ఎవరో లారీ కింద స్టవ్ వెలిగిస్తారు, ఎవరో పేకలు తీస్తారు. ఒకడు నీటి అంచున పుల్ల గుచ్చి వస్తాడు. గంటకోసారి ఎవరో ఒకరు లేచి వెళ్లి ఆ పుల్ల ఎంత మునిగిందో చూసి వచ్చి, ఇంకా తగ్గలేదని చెప్పి, మళ్లీ దుప్పటి కప్పుకుంటారు.