గోదావరి మొగ – గ్రాంట్ల చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర, గుళ్ళ చరిత్ర రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను లెక్కల సెక్షనులో ముప్ఫైమూడేళ్ళు పనిచేసినవాడిని. నాకు తెలిసినవి గ్రాంటు ఉత్తర్వులు, వోచర్లు, యుటిలైజేషన్ సర్టిఫికెట్లు. అందుచేత నాకు తెలిసిన దారినే పోయి, గోదావరి సముద్రంలో కలిసేచోట పరిశోధనకూ, అక్కడి పిల్లల పర్యావరణ చదువుకూ సర్కారు డబ్బు ఎలా వచ్చిందో, ఏం మిగిల్చిందో రాస్తాను. ఈ చరిత్రలో నా పొరపాటు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచను.

మొగ అంటే ఏమిటి?

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుందన్నది మనకు చిన్నప్పటి పాఠమే. గౌతమి యానాం మీదుగా సముద్రానికి పోతుంది. పోయేముందు కోరంగి, గాడేరు అనే ఏర్లను ఉత్తరంగా కాకినాడ అఖాతంలోకి పంపుతుంది. ఆ ఏర్ల వెంబడి పెరిగిందే కోరంగి మడ అడవి. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. వరద రోజుల్లో అక్కడి నీరు తియ్యన, ఎండాకాలంలో ఉప్పన. రొయ్యపిల్లలు, పండుగప్ప పిల్లలు, మండపీతలు ఆ మడవేళ్ళ మధ్య తలదాచుకుని పెరుగుతాయి. సముద్రంలో వల వేసేవాడి కూడు సగం ఈ బురదలోనే తయారవుతుందంటే అతిశయోక్తి కాదు.

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులు, ఉప్పెనలు దాన్ని దెబ్బతీశాయి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టా అన్నపూర్ణ అయింది. ఆ రోజుల్లో గోదావరి మీద సర్కారు పెట్టిన డబ్బంటే ముఖ్యంగా కాలువల ఖర్చు. కాలువలు దాటి కిందికి పోయిన నీటిని "వృథాగా సముద్రం పాలయింది" అనడం మనకు అలవాటైంది. ఆ నీరు సముద్రం దగ్గర చేసే పని ఏమిటో విచారించడం చాలావరకు స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన కథ.

వాల్తేరు నుంచి మొదలు

ఆ కథ మన ప్రాంతంలో వాల్తేరు కొండల మీద మొదలైంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా వచ్చారు. మన నౌకాదళం ఓడలు ఇచ్చింది. జియాలజీ ఆచార్యులు సి. మహదేవన్‌గారు తోడ్పడ్డారు. బంగాళాఖాతం నీటిని, అడుగు మట్టిని మనవాళ్ళు స్వయంగా కొలవడం నేర్చుకున్నారు. జంతుశాస్త్ర శాఖలో ఆచార్య పి.ఎన్. గణపతిగారు, ఆయన శిష్యులు సముద్ర జీవులతోపాటు గోదావరి మొగ మీద కూడా ఏళ్ళ తరబడి పనిచేశారు.

తరువాత 1960 ప్రాంతంలో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర జరిగింది. అది ముగిశాక 1966 జనవరి 1న సి.ఎస్.ఐ.ఆర్. కింద జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడింది. 1976లో విశాఖలో దానికి ప్రాంతీయ కేంద్రం వచ్చింది. అదే ఏడాది మడ అడవుల కోసం కేంద్రం ఒక జాతీయ కమిటీని వేసింది. 1978లో కోరంగిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. 1980లో కేంద్రంలో పర్యావరణ శాఖ, 1981లో సముద్ర అభివృద్ధి శాఖ పుట్టాయి. 1986–87 నుంచి మడ అడవుల రక్షణకు కేంద్రం ప్రత్యేక పథకం పెట్టి, అడవిని పెంచడానికీ, దానిపై పరిశోధనకూ నిధులు ఇవ్వసాగింది.

ఈ తేదీలు చదివేవారికి విసుగు పుట్టించవచ్చు. ఒక్కొక్క తేదీ వెనుక ఒక్కొక్క పద్దు తెరుచుకుందన్న మాట మాత్రం గుర్తుంచుకోవాలి. యు.జి.సి., సి.ఎస్.ఐ.ఆర్., ఆ పైన రెండు కొత్త శాఖలు. వీటివల్లనే బీద కుటుంబాల పిల్లలు కూడా ఫెలోషిప్పుల మీద పడవెక్కి మొగలో నీళ్ళు తోడగలిగారు.

మూడేళ్ళ గ్రాంటు, మార్చి 31

గ్రాంటు నడక మనందరికీ తెలిసిందే. ప్రాజెక్టు మూడేళ్ళు. ఫెలోషిప్పు ఒక పద్దు, రసాయనాలు ఒక పద్దు, ప్రయాణాలూ పడవ అద్దె ఒక పద్దు. మొదటి వాయిదా వస్తుంది. మా రోజుల్లో ఖర్చు చూపి, 19–ఎ ఫారంలో సర్టిఫికెట్టు పంపితే రెండో వాయిదా వచ్చేది. ప్రజల డబ్బు కాబట్టి ఈ కట్టుబాటు ఉండవలసిందే. దాన్ని నేను ఈనాటికీ సమర్థిస్తాను.

1980ల చివరలో నేను పనిచేసిన కళాశాలకు ఇటువంటి గ్రాంటు ఒకటి వచ్చింది. ఒక ఏడాది వాయిదా ఫిబ్రవరిలో చేతికందింది. ఆ ప్రాజెక్టు కుర్రవాడు నా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, పడవ అద్దె డబ్బు జూలై దాకా ఆపుకోవచ్చా? వరదలో నీళ్ళు తీయాలి" అన్నాడు. పద్దు చూశాను. మార్చి 31కి మిగిలితే తిరిగి కట్టాలి, లేదా అనుమతికి పైకి రాయాలి. పైకి రాస్తే జవాబు రావడానికి ఎన్ని నెలలో! "నిబంధన ఒప్పుకోదు, ఈ నెలలోనే తిరిగి రండి" అన్నాను. కుర్రవాడు మార్చిలోనే నాలుగుసార్లు మొగకు వెళ్ళి వచ్చాడు. బిల్లులు సరిగా ఉన్నాయి. సర్టిఫికెట్టు పోయింది. ఆడిట్‌లో ఒక్క ఆక్షేపణ రాలేదు. ఆ వరదకు మాత్రం పడవ కదలలేదు.

ఎన్నో ఏళ్ళ తరువాత, ఒక నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అదే మనిషి క్యూలో కనబడ్డాడు. ఆయనా రిటైరయ్యారు. కుశల ప్రశ్నలయ్యాక విశాఖ సముద్ర విజ్ఞాన సంస్థవారు 2011లో ప్రచురించిన ఒక పరిశోధన సంగతి చెప్పారు. వారు గోదావరి మొగలో ఎండాకాలమే కాక వరదకాలంలో కూడా విడవకుండా కొలతలు తీశారు. వరద నీటితో దిగివచ్చే సేంద్రియ పదార్థం కుళ్ళి, ఆ కొద్ది నెలల్లోనే మొగ నుంచి బొగ్గుపులుసు వాయువు విపరీతంగా గాలిలోకి పోతుందట. మిగతా ఏడాదిలో అది చాలా తక్కువ. ఎండాకాలపు కొలతలనే నమ్ముకుంటే అసలు లెక్క తప్పుతుంది. "మనం ఆ ఏడాది అసలు సంగతి వదిలేసి మిగతాదంతా కొలిచాం సార్" అని నవ్వారు. నిష్ఠూరంగా అనలేదు. నాకు మాత్రం ఇంటికి వచ్చాక కూడా ఆ మాట వదలలేదు. నేను నిబంధన తప్పలేదు. అయినా పైకి రాయడానికి బద్ధకించాను. ఒక్క ఉత్తరం రాసి ఉంటే ఏమయ్యేదో తెలియదు, రాయలేదన్నది మాత్రం నిజం.

రిజిస్టరు రాసినవాళ్ళు

ఇదే విషయానికి మంచివైపు కూడా ఉంది. పోలవరం దగ్గర కేంద్ర జలసంఘం సిబ్బంది గోదావరి నీటిలో ఒండ్రు ఎంత ఉందో ఏళ్ళ తరబడి కొలిచి రాసిపెట్టారు. 1970లలో ఏడాదికి సగటున 15 కోట్ల టన్నులు ఉన్న ఒండ్రు, 1990లకు 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో లెక్కగట్టారు. ఎగువన ఆనకట్టలలో ఒండ్రు ఆగిపోతోంది. మొగ దగ్గర నేల పెరగడం తగ్గి, సముద్రం ఒడ్డును కోస్తోంది. పత్రంలో ఆచార్యుల పేర్లే ఉంటాయి, అది సహజం. కానీ రోజూ పొద్దున్నే సీసాలో నీళ్ళు పట్టి, వడపోసి, తూచి రిజిస్టరులో ఎక్కించిన ఉద్యోగులు లేకపోతే ఆ పత్రమే లేదు. వారంతా మనలాంటివాళ్ళే. గ్రాంటు మూడేళ్ళది, వారి పద్దు జీతాల పద్దు. అందుకే ఆ కొలత ఆగలేదు.

బడిలో మొగ పాఠం

పిల్లలకు పర్యావరణం చెప్పడానికి వచ్చిన డబ్బుది కూడా ఇదే తీరు. 1986లో కేంద్రం జాతీయ పర్యావరణ చైతన్య ఉద్యమం మొదలుపెట్టి, బడులకూ స్వచ్ఛంద సంస్థలకూ చిన్న చిన్న మొత్తాలు ఇచ్చింది. 1991 నవంబరులో సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో పర్యావరణ విద్య అన్ని స్థాయిలలో చెప్పాలని ఆదేశించింది. 2001–02లో జాతీయ హరితదళం పేరుతో బడులలో ఎకో క్లబ్బులు వచ్చాయి. ఒక్కో బడికి ఏడాదికి 2,500 రూపాయలు ఇచ్చిన కాలం ఉంది, తరువాత అది 5,000 అయింది.

డబ్బు సంవత్సరం చివర చేరితే ఏమవుతుందో మనకు తెలుసు. ఒక బ్యానరు, ఒక ఊరేగింపు, ఒక ఫోటో. అలా ఖర్చయిన బిల్లులు నేనూ చూశాను. మొక్క నాటిన ఫోటో ఫైలులో ఉంటుంది, మొక్కకు నీళ్ళు పోసేవారు సెలవుల్లో ఉంటారు. అయితే ఎక్కడ ఒక ఉపాధ్యాయుడు శ్రద్ధ పట్టాడో అక్కడ ఆ రెండున్నర వేలే చాలా పని చేశాయి. మడచెట్టు ఊపిరివేళ్ళు బురదలోంచి ఎందుకు పైకి వస్తాయో పుస్తకంలో చదివిన పిల్లవాడు వేరు, మోకాలి లోతు బురదలో దిగి చూసిన పిల్లవాడు వేరు.

ఊరివాళ్ళకు అందినది

1990ల చివరలో భారత–కెనడా ప్రభుత్వాల పర్యావరణ నిధితో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలిసి గోదావరి మడ అడవుల్లో పనిచేశాయి. చెట్లు పోయినచోట పోటునీరు చేరక, చేరిన నీరు తిరిగిపోక నేల ఉప్పు కట్టింది. అక్కడ చేప ముల్లు ఆకారంలో చిన్న కాలువలు తవ్వి, పోటు వచ్చిపోయేలా చేసి మడమొక్కలు నాటారు. తవ్వడంలోను, కాపాడడంలోను ఊళ్ళ కమిటీలకే బాధ్యత ఇచ్చారు.

2011లో ప్రపంచ పర్యావరణ నిధి సుమారు 60 లక్షల డాలర్ల గ్రాంటుతో, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి గోదావరి మొగ ప్రాంతానికి పెద్ద ప్రాజెక్టు తెచ్చాయి. చేపల వేట, ఉప్పు, రొయ్యల చెరువులు, పరిశ్రమలు అన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టి మొగ సంగతి మాట్లాడించాలన్నది దాని ఉద్దేశం. 2018లో జరిపిన గణనలో కోరంగిలో 115 బావురుపిల్లులు ఉన్నట్లు తేలింది. నీళ్ళలో చేపలు పట్టి తినే ఈ పిల్లిని కాకినాడ పిల్లల్లో చాలామంది బొమ్మలోనైనా గుర్తుపట్టడం ఆ పని ఫలితమే.

ఇన్ని గ్రాంట్లూ వచ్చాయి, గడువు తీరి ముగిశాయి. లెక్కలవాడిగా వెనక్కి చూస్తే నాకొకటి స్పష్టంగా కనబడుతోంది. గ్రాంటు ముగిశాక ఆ పనిని తమదిగా చేసుకున్నవారు ఎవరైనా ఉన్నచోటే డబ్బు నిలిచింది. కాలువ పూడిక తీసే ఊరి కమిటీ, రిజిస్టరు ఆపని ఉద్యోగి, పిల్లలను బురదలోకి తీసుకువెళ్ళే పంతులుగారు. వారు లేనిచోట సర్టిఫికెట్టు మాత్రం నిలిచింది.

అందుచేత తోటి పెన్షనర్లకు నా మనవి. ఇరిగేషన్, ఫిషరీస్, అటవీ శాఖల్లోను, కళాశాలల్లోను పనిచేసినవారి ఇళ్ళలో పాత కొలతల నోటుపుస్తకాలు ఉంటే కాగితాలవాడికి వేయకండి. దగ్గరి కళాశాలకు చూపించండి. ఊళ్ళో బడి ఎకో క్లబ్బుకు నెలకొకసారి వెళ్ళి కూర్చోండి. మీకు తెలిసిన వరదలు, తుపానులు పిల్లలకు చెప్పి రాయించండి. దానికి ఏ పద్దూ అక్కరలేదు. మనవలు సెలవులకు వచ్చినప్పుడు కోరంగి చెక్కవంతెన మీద నడిపించండి. ఆటు వేళ వెళితే ఊపిరివేళ్ళు బాగా కనబడతాయి.

ఇక ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలకు ఒక్క మాట. మీ బల్ల దగ్గరకు ఎవరైనా వచ్చి, వరద దాకా డబ్బు ఆపమని అడిగితే, ఒప్పుకోదని చెప్పేముందు పైకి ఒక ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే రాకపోనివ్వండి. ఉత్తరం మాత్రం ఫైలులో ఉండాలి.

— ఒక విశ్రాంత లెక్కల సూపరింటెండెంటు