రాజమాత హెలెనా కంచు కాసు

ప్రభువు పన్ను రూకను చూపుమని అడిగి, దానిమీది రూపము ఎవరిదని ప్రశ్నించిన సంగతి మనమందరము ఎరిగినదే. మన ప్రసంగములలో ఆ రూక ముందువైపే చూచి విడిచిపెట్టుదుము. పండితులు సాధారణముగా చెప్పు తిబెరి కైసరు దేనారము వెనుక ఒక స్త్రీ ఆసీనురాలై యుండును. ఆమె కైసరు తల్లి లివియాయో, శాంతిదేవతయో నేటికిని చర్చయే. రోమా నాణెములపై రాణికిని దేవతకును నడుమ గీత అంత సన్ననిది. రెండవ శతాబ్దపు ఫౌస్తీనా రాణుల నాణెముల వెనుక జూనో, వీనస్, సెరెస్ దేవతలు వరుసగా కనబడుదురు.

బంగారు నాణెము సైనికుల, అధికారుల చేతికి పోవును. కంచు కాసు సంతకు పోవును. కావున సామాన్యుడు తన రాణిని చూచినది కంచుమీదనే.

నేను వేదాంత కళాశాలలో చదువుచుండగా, కాన్‌స్టంటైన్ చక్రవర్తి తల్లి హెలెనా కంచు కాసు చిత్రమును మొదటిసారి చూచితిని. సిలువ కొరకు వెదకి నిరాశపడితిని. క్రీ.శ. 324 ప్రాంతమున ఆమెకు ‘అగస్టా’ బిరుదు కలిగిన పిమ్మట ముద్రించిన కాసు అది. మన పాత పావలా కంటె పెద్దది కాదు. ముందువైపు కిరీటపట్టీ, కంఠహారము ధరించిన వృద్ధురాలు. వెనుకవైపు చేత కొమ్మను దించి పట్టుకొని, మరియొక చేత వస్త్రమును ఎత్తి పట్టిన స్త్రీమూర్తి: రాజ్యభద్రతకు రోమీయులు కల్పించుకొన్న దేవత, సెక్యూరితాస్. బేత్లెహేములోను ఒలీవల కొండపైని దేవాలయములు కట్టించెనని యూసేబియసు వ్రాసిన తల్లి, సత్రపు పనికత్తెగా నుండెనని అంబ్రోసు చెప్పిన తల్లి, ఈ దేవతతో కలిసి సంతలో తిరిగెను!

ఆమె కోడలు ఫౌస్తా కాసుపై ఇద్దరు బిడ్డలనెత్తుకొన్న తల్లి బొమ్మ యుండెను. 326లో భర్త ఆజ్ఞవలననే ఫౌస్తా మరణించెను; ఆ కాసులు ఆగిపోయెను. ఆ ఇంటి సంగతి ఇంతకంటె చెప్పబుద్ధి కాదు.

ముద్రశాల పనివారు పాత అచ్చులకు అలవాటుపడినవారు. దేవత యనుట కంటె రాజ్యక్షేమమునకు ఒక గుర్తు అనియే వారు తలంచిరేమో. ఏమైనను కాసును బట్టి హెలెనా విశ్వాసమును కొలువరాదని నా అభిప్రాయము. 383లో థియొడోసియస్ భార్య ఫ్లాసిల్లా కంచు కాసు వచ్చెను. దానిపైని విజయదేవత తన రెక్కలతోనే కూర్చుండి, డాలుపై క్రీస్తు నామ సంకేతమును వ్రాయుచున్నది. 400 ప్రాంతమున యుడోక్సియా రాణి శిరస్సుపై దేవుని హస్తము కిరీటము పట్టినట్లు చెక్కిరి. విజయదేవత స్థానమున దేవదూత నిలుచుటకు మాత్రము ఆరవ శతాబ్దములో మొదటి జస్టిన్ కాలమువరకు పట్టెను; అదియు బంగారు నాణెములపై.