హెచ్‌ఐవీ సోకినవారిలో ఎముకల, కీళ్ల ఇన్‌ఫెక్షన్లు

హెచ్‌ఐవీ సోకినవారి ఎముకల్లో, కీళ్లలో సూక్ష్మజీవుల వల్ల తలెత్తే వ్యాధుల్లో, భారతదేశం వంటి క్షయపీడిత దేశాల్లో ముందుగా అనుమానించవలసింది క్షయనే. ఊపిరితిత్తుల నుంచి రక్తం వెంట ఎముకకు చేరిన క్షయ బాక్టీరియాను అణచి ఉంచడంలో ప్రధాన పాత్ర సీడీ4 అనే తెల్లరక్త కణాలది కాగా, హెచ్‌ఐవీ నాశనం చేసేదీ వాటినే. ఎముకల క్షయలో దాదాపు సగం వెన్నెముకకే వస్తుంది. ఆంగ్ల శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ 1779లో వెన్నెముక క్షయను వర్ణించినందువల్ల దానికి పాట్ వ్యాధి అనే పేరు కూడా ఉంది. పక్కపక్కనున్న రెండు వెన్నుపూసల ముందు భాగం తినుకుపోయి, అవి ముందుకు కుంగడంతో గూని ఏర్పడుతుంది. నడుము పూసల్లో పుట్టిన చీము కండరం వెంట దిగి గజ్జల్లో గడ్డగా తేలుతుంది. దానిలో ఎరుపు, వేడి అంతగా ఉండవు.

హైదరాబాద్‌లో అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలోనూ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలోనూ రోజంతా కూర్చుని చదివేవారికి నడుం నొప్పి ఎంత మామూలంటే, దానికి వేరే కారణం ఉండవచ్చన్న ఆలోచనే ఎవరికీ రాదు. పడుకున్నా తగ్గకుండా వారాల తరబడి సాగుతూ, సాయంత్రపు జ్వరంతో, బరువు తగ్గడంతో కలిసి వచ్చే నొప్పి మాత్రం వేరు. సీడీ4 బాగా పడిపోయినవారిలో చర్మంపై చేసే మాంటూ పరీక్ష క్షయ ఉన్నా లేనట్టే చూపవచ్చు, ఛాతీ ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండవచ్చు. అందుకే ఎంఆర్‌ఐ తీసి, సూదితో తీసిన ముక్కలో క్షయ బాక్టీరియా ఉందేమో జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షతో చూడడం మేలు. హెచ్‌ఐవీ ఉన్న సంగతే తెలియనివారూ ఉంటారు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ రక్తనిధితో సహా ఏ రక్తనిధిలోనైనా దానమిచ్చిన రక్తానికి హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి.

స్టెఫిలోకాకస్ ఆరియస్ వల్ల కీలులో చీము పడితే తీరు వేరు: రోజుల్లోనే మోకాలు వాచి, వేడెక్కి, కదలనివ్వదు, ఆలస్యం చేయకుండా చీము తీసి కడగాలి. అరుదుగా శిలీంధ్రాలు, బార్టొనెల్లా బాక్టీరియా కూడా ఎముకను తొలుస్తాయి. తుంటి కీలులోని తొడ ఎముక తల రక్తం అందక చచ్చుబడే స్థితి ఇన్‌ఫెక్షన్ కాకపోయినా, నొప్పి వల్ల అలాగే భ్రమింపజేస్తుంది.

చికిత్సలో చిక్కంతా మందుల పొత్తులో ఉంది. నెలల తరబడి వాడే క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రవిర్‌ను శరీరం త్వరగా ఖర్చు చేసేలా చేస్తుంది కనుక, రోజుకొకసారి వేసే 50 మి.గ్రా. మాత్రను పన్నెండు గంటల తేడాతో రెండుసార్లు ఇస్తారు. ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి ఏఆర్‌టీ కేంద్రం వంటి చోట్ల హెచ్‌ఐవీ మందులు ఉచితం. ఇవి మొదలయ్యాక రోగనిరోధక శక్తి మేల్కొని, చీముగడ్డ కొన్నాళ్లు ఇంకా ఉబ్బవచ్చు. దానికి భయపడి మందులు మానకుండా వైద్యునికి చూపడం అవసరం. వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడితే శస్త్రచికిత్స చేయవలసి వస్తుంది, 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం హెచ్‌ఐవీ కారణంగా ఆ చికిత్సను నిరాకరించడం కుదరదు.