ఉత్తరాంధ్రలో రేడియో సెట్టు ఎంపిక: దూరం, దిశ

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో రేడియో సెట్టు ఎంపికను ధరతోపాటు దూరమూ శాసించింది. 1948లో ప్రారంభమైన విజయవాడ కేంద్రం ఇక్కడికి మూడు వందల కిలోమీటర్లకు పైమాటే. మీడియం వేవ్ పగలు నేలను అంటి సాగుతూ క్షీణిస్తుంది. రాత్రి అయనావరణం నుండి పరావర్తనం చెంది దూరప్రాంతాలకు చేరుతుంది. కనుక పగటి ప్రసారాలకు బయటి ఏరియల్, మంచి వాల్వు సెట్టు అవసరమయ్యేవి. వాటికి విద్యుత్తో, బరువైన బ్యాటరీయో కావాలి; పల్లెకు అది అందని సరుకు.

1963లో విశాఖపట్నం కేంద్రం రావడంతో లెక్క మారింది. టార్చి సెల్స్‌తో పలికే ట్రాన్సిస్టర్ చాలింది. అందులోని ఫెర్రైట్ కడ్డీ కొన కేంద్రం వైపుంటే ధ్వని సన్నగిల్లుతుంది, అడ్డంగా తిప్పితే పుంజుకుంటుంది. సెట్టును అటూ ఇటూ తిప్పుతూ వినడాన్ని చాదస్తమనడం సరికాదు. అది శ్రోతలు అనుభవంతో పట్టుకున్న భౌతికశాస్త్రం.

అమెరికా 1993లో ప్రమాణీకరించిన ఏఎం స్టీరియో ఈ సీమ చెవికి చేరలేదు. ఆకాశవాణి మీడియం వేవ్‌లో తరువాత చేపట్టింది డీఆర్‌ఎం డిజిటల్ ప్రసారం. దాన్ని పాత ట్రాన్సిస్టర్ పలికించలేదు.