ఉక్కు దూలం-స్తంభం సంధి

ఉక్కు చట్రంతో కట్టిన భవనాలలో అడ్డంగా ఉండే దూలం నిలువుగా ఉండే స్తంభాన్ని కలిసే చోటును దూలం-స్తంభం సంధి అంటారు. భూకంపం వచ్చి భవనం అటూ ఇటూ ఊగినపుడు దూలాన్ని వంచే బలం దాని కొసల వద్దనే ఎక్కువగా ఉంటుంది. కనుక భవనం నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు ఈ సంధులపై ఆధారపడి ఉంటుంది.

ఉక్కు సాగే గుణం గల లోహం. ఇనుప తీగ విరగకుండా వంగినట్లే దూలం కొస కూడా వంగి, భూకంప శక్తిని తనలో ఇముడ్చుకొంటుందని ఇంజనీర్లు భావించారు. ఐ ఆకారపు దూలంలో పైన, క్రింద ఉండే పట్టీలను ఫ్లాంజిలు అని, నడుమ పలకను వెబ్ అని అంటారు. 1970ల నుండి అమెరికాలో ఫ్లాంజిలను వెల్డింగుతోను, వెబ్‌ను బోల్టులతోను స్తంభానికి బిగించడం పరిపాటి అయింది.

నార్త్‌రిడ్జ్ భూకంపం

1994 జనవరి 17 తెల్లవారుజామున లాస్ ఏంజిలస్ ప్రాంతంలో 6.7 పరిమాణం గల భూకంపం వచ్చింది. ఈ రకపు ఉక్కు భవనాలేవీ కూలలేదు. చాలా వాటిలో బయటికి పెద్ద నష్టమే కనబడలేదు. కానీ లోకప్పులను, మంటల నుండి రక్షణకై ఉక్కుపై వేసిన పూతను తొలగించి చూడగా, వందకు పైగా భవనాలలో సంధులు పెళుసుగా పగిలి ఉన్నాయి. పగుళ్ళు ఎక్కువగా క్రింది ఫ్లాంజి వెల్డింగు వద్ద మొదలై, కొన్నిచోట్ల స్తంభంలోకి కూడా ప్రాకాయి.

క్రింది ఫ్లాంజినే ఎందుకు? దానిని పైనుండి వెల్డింగు చేయాలి. వెబ్ అడ్డు వచ్చి పని మధ్యలో ఆగుతుంది. కరిగిన లోహం జారకుండా అడుగున పెట్టిన పట్టీని తీయకుండా వదిలేసేవారు. అది గాటులా పనిచేసింది. షాంపూ పొట్లం అంచున గాటు ఉన్నచోటే చిరగడం మనకు తెలిసినదే. ఆనాటి వెల్డింగు లోహానికి పగులును అడ్డుకొనే దృఢత్వమూ తక్కువ. పైగా దూలాలు పూర్వపు ప్రయోగశాలల్లో పరీక్షించిన వాటికంటే చాలా పెద్దవి.

సరిగ్గా ఏడాదికి, 1995 జనవరి 17న జపానులోని కోబే భూకంపంలో కూడా ఇటువంటి పగుళ్ళు కనిపించాయి. అక్కడి నిర్మాణ పద్ధతి వేరైనా ఇలా జరగడం గమనార్హం.

తరువాతి మార్పులు

అమెరికా ప్రభుత్వ సహాయంతో జరిగిన పరిశోధనల ఫలితంగా 2000లో కొత్త మార్గదర్శకాలు వెలువడ్డాయి. దృఢమైన వెల్డింగు లోహం వాడటం, క్రింది పట్టీని తొలగించడం వాటిలో ముఖ్యమైనవి. మరొక ఉపాయం వింతగా తోచవచ్చు: స్తంభానికి కొద్ది దూరంలో ఫ్లాంజిల అంచులను వంపుగా కోసి, దూలాన్ని కావాలనే బలహీనపరుస్తారు. అప్పుడు దూలం అక్కడే వంగుతుంది, వెల్డింగుపై భారం తగ్గుతుంది. కోసిన దూలం ఆకారాన్ని బట్టి దీనికి కుక్క ఎముక అని పేరు.

భారతదేశంలో ఉక్కు నిర్మాణ ప్రమాణమైన ఐ.ఎస్. 800ను 2007లో సవరించినపుడు భూకంప బలాలకు ప్రత్యేక అధ్యాయం చేర్చారు.